జలరత్న వ్యాజ్యము: ఓడకూలీ గాయమునకు బాధ్యులెవరు?

1981వ సంవత్సరము ఏప్రిలు 21వ తేదీన అమెరికా సంయుక్త రాష్ట్రముల సుప్రీంకోర్టు ఒక తీర్పు నిచ్చెను. ఆ వ్యాజ్యమున ప్రతివాది భారతదేశపు ఓడల కంపెనీ యగు సింధియా స్టీమ్ నావిగేషను వారు. ఓడ పేరు జలరత్న. వాది ఆ ఓడ గర్భములో గోధుమ బస్తాల పని చేయుచు గాయపడిన యొక రేవు కూలీ. ఓడ గలవాడొకడు, సరుకెత్తించువాడు మరియొకడు, ఎత్తిన సరుకు క్రింద నిలుచువాడు వేరొకడు అయినప్పుడు, ఆ మూడవవానికి దెబ్బ తగిలిన నెవరు పూచీ వహింపవలెనను ప్రశ్నకు ఆ దేశమున నేటికిని ఈ తీర్పే ప్రమాణముగా నున్నది.

ఇది దూరదేశపు కోర్టు కథ, దీనితో మనకేమి పని యని చదువరులలో కొందరనుకొనవచ్చును. చెఱకుతోటల చరిత్రను మనవారు పలువురు చెప్పిరి. కాని తోటలో నరికిన చెఱకు మిల్లులో చక్కెరయైన పిమ్మట, దానిని బస్తాలలో రేవునకు తెచ్చి, పడవలమీద ఓడదాక చేర్చి, ఓడ గర్భములోనికి దింపినవారి చరిత్ర చెప్పినవారు తక్కువ. పోర్టు లూయీ రేవు కూలీలు 1938 సెప్టెంబరులో సమ్మె కట్టిరి. ప్రభుత్వము ఆ సమ్మెను అణచి, కార్మిక నాయకుడగు ఎమ్మాన్యుయేల్ ఆంక్తీల్‌ను రోడ్రిగ్స్ ద్వీపమునకు పంపివేసెను. కూలిరేట్ల మాట ఆ సమ్మెతో చరిత్రకెక్కినది. బస్తా జారి వెన్ను విరిగినవాని మాట అట్లు సులభముగా చరిత్రకెక్కదు. అది కోర్టు కాగితములలోనే మిగులును. కనుక కోర్టు కాగితములనే చదువవలసియున్నది.

ముందుగా ఆ కంపెనీ సంగతి కొంత చెప్పవలెను. సముద్ర వర్తకమంతయు ఆంగ్లేయుల గుప్పిటిలో నున్న కాలమున, 1919లో, వాల్‌చంద్ హీరాచంద్, నరోత్తమ్ మొరార్జీ మొదలగు వర్తకులు బొంబాయిలో దీనిని స్థాపించిరి. గ్వాలియరు సింధియా మహారాజువద్ద లాయల్టీ యను ఓడను కొనిరి. కంపెనీ పేరు ఆ రాజవంశమునుండి వచ్చినదే. ఆ యేడు ఏప్రిలు 5వ తేదీన లాయల్టీ బొంబాయి విడిచి లండనుకు పయనమయ్యెను. ఆ దినమును భారతదేశమున నేటికిని జాతీయ నౌకాయాన దినముగా జరుపుకొనుచున్నారు. తెల్లవారి కంపెనీలు రేట్లు తగ్గించి దీనిని ముంచివేయ యత్నించినవి గాని, ఇది మునుగలేదు.

ఆంధ్రదేశముతో ఈ కంపెనీకి గల బంధము మరింత దగ్గరిది. 1933 అక్టోబరు 7వ తేదీన విశాఖపట్టణపు క్రొత్త రేవులోనికి మొట్టమొదట ప్రవేశించిన ఓడ సింధియావారి జలదుర్గ. 1941 జూన్ 21వ తేదీన అదే పట్టణమున వీరి ఓడల నిర్మాణశాలకు బాబూ రాజేంద్రప్రసాదుగారు శంకుస్థాపన చేసిరి. మరుసటి ఏప్రిలులో జపానువారి విమానములు విశాఖపై బాంబులు వేసినను, పని కొంతకాలము చెదరినను, తుదకు 1948 మార్చి 14వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూగారు జలఉష యను ఓడను అక్కడ నీటిలోనికి విడిచిరి. తరువాత ఆ నిర్మాణశాల ప్రభుత్వపరమై హిందూస్థాన్ షిప్‌యార్డు అయ్యెను. కంపెనీ ఓడలు నేడు సముద్రముపై లేవు. విశాఖలో మాత్రము సింధియా యను పేట పేరు నిలిచియున్నది. కోరంగి రేవు పేరుతో మనవారిని ఈ ద్వీపమున కోరంగీలని పిలిచినట్లే, అక్కడ కంపెనీ పేరు ఊరిపేరైనది.

జలదుర్గ, జలఉష, జలరత్న: పేర్లు వినుటకే ఇంపుగా నున్నవి. స్వదేశపతాకముతో సప్తసముద్రములు తిరిగిన ఓడలని మనము గర్వించుట సహజము. అయినను ఈ వ్యాజ్యమున ప్రతివాది స్థానమున నిలిచినది ఆ గర్వకారణమే. పరాయివాని ఓడయైనప్పుడు కూలీ పక్షమున మాటలాడి, మనవారి ఓడయైనప్పుడు మౌనము వహించుట తగదు గనుక, ఉన్నదున్నట్లు చెప్పెదను.

ఓడ రేవు చేరిన పిమ్మట జరుగు పని యెట్టిదో తెలియనిదే వ్యాజ్యము బోధపడదు. ఓడలోని నావికులు సాధారణముగా సరుకెత్తరు. స్టివడోరు అనబడు గుత్తదారు కంపెనీ ఓడవారితో ఒడంబడిక చేసికొని, తన కూలీలను ఓడమీదికి పంపును. కూలీకి జీతమిచ్చునది స్టివడోరు. పని చెప్పునది స్టివడోరు మేస్త్రీ. అయితే సరుకును దింపు వించ్ యంత్రము, దాని ఉక్కుత్రాడు, పైన నిలిచిన దూలము, క్రిందికి దిగు నిచ్చెన, కాలు మోపు నేల, ఇవి సామాన్యముగా ఓడకు చెందినవి. కూలీ ఒకని మనిషి, వాని ప్రాణము వ్రేలాడునది వేరొకని త్రాటికి. పని సాగుచున్నంతసేపు ఈ భేదమెవ్వరికిని పట్టదు. త్రాడు తెగిననాడు మాత్రము, తప్పు స్టివడోరుదని ఓడవారును, ఓడవారిదని స్టివడోరును చెప్పుట ఆరంభమగును.

జలరత్నపై నష్టము జరిగినది 1972 డిసెంబరు 10వ తేదీన, అమెరికా పడమటి తీరమున. ఆ దినమున గోధుమ బస్తాల నెక్కించుచుండిరి. ఏబదేసి పౌనుల బస్తాలు నూటయిరువది చొప్పున ఒక్కొక్క కొయ్యపలకపై పేర్చి, ఓడ వించ్‌తో గర్భములోనికి దింపెడివారు. అనగా ఒక్క పలకపై ఆరువేల పౌనులు, రెండు టన్నుల ఏడువందల కిలోలకు పైబడిన బరువు. వించ్ ఉన్న చోటునుబట్టి పలకను ఏటవాలుగా, ఓడ ద్వారపు అంచు తగులకుండ నడుపవలసియుండెను. నడుపువాడు పిడిని వదలినచో బ్రేకు పట్టి పలక గాలిలో ఆగిపోవలెను. రెండు దినములుగా ఆ బ్రేకు సరిగా పట్టుటలేదు. పిడి వదలిన తరువాతకూడ పలక కొంత జారి మరి ఆగుచుండెను. ఆ సంగతి తెలిసియే పని సాగించిరి.

క్రింద నలుగురు కూలీలు పనిలో నుండిరి. పైనుండి వచ్చుచున్న పలక ఒకటి ఆగవలసినచోట ఆగక జారి, ఓడను ఢీకొని, దానిపైని బస్తాలలో చాలభాగము క్రింద కూలెను. పైనున్నవాడు కేకవేయగా నలుగురును ప్రక్కకు తప్పుకొని బ్రతికిపోయిరి. మిగిలిన బస్తాలతో పలక అట్లే పైన వ్రేలాడుచుండెను. ఇక భయములేదనుకొని వారు తిరిగివచ్చి, పడిన బస్తాలను తీయసాగిరి. కొంతసేపటికి వ్రేలాడు పలకనుండి మరికొన్ని బస్తాలు జారి ఒకనిమీద పడినవి. వాదిగా నిలిచినవాడతడే.

రెండుమారులు చదివిన గాని ఈ వృత్తాంతములోని కష్టము తెలియదు. మొదటిమారు పడిన బస్తాలు ఎవ్వరికిని తగులలేదు. తగిలినవి రెండవమారు పడినవి, అందరును భద్రమని తలచిన క్షణమున. తలపైన బరువు వ్రేలాడుచుండగా క్రింద పనిచేయుట కూలీ అజాగ్రత్త యనవలెనా? పలకను పూర్తిగా దింపనిదే మనుషులను పంపిన మేస్త్రీ తప్పనవలెనా? బ్రేకు పాడైన యంత్రమును రెండుదినములు నడువనిచ్చిన ఓడవారి తప్పనవలెనా? మూడును కొంత నిజమే. అట్టి చోటనే న్యాయశాస్త్రమునకు పరీక్ష.

ఇట్టి పరీక్షలో ఆంగ్ల న్యాయము తొలినాళ్ళలో కూలీకి చేసిన మేలు స్వల్పము. 1837లో ఇంగ్లండున మాంసవర్తకుని సేవకు డొకడు, బరువు హెచ్చి బండి విరిగిపడగా తొడ యెముక విరుగగొట్టుకొనెను. జ్యూరీ వానికి నూరు పౌనులిప్పించెను. న్యాయమూర్తి లార్డ్ ఆబింజరు దానిని కొట్టివేసి, సేవకుడు తన ప్రమాదమును తానే యెరుగునని చెప్పెను. తోడి పనివాని తప్పువలన గాయపడినవానికి యజమాని బాధ్యుడు కాడను సూత్రము దానినుండి పెరిగెను. ఆ సూత్రము ఇంగ్లండున శాసనముచే పూర్తిగా రద్దగుటకు 1948వ సంవత్సరము రావలసివచ్చెను. ఒక బండి విరిగిన కేసు నూటపదకొండేండ్లు లక్షలాది పనివారిని వెంటాడినది.

అమెరికాలో రేవు కూలీకి మరొక దురవస్థ కలిగెను. అక్కడ రాష్ట్రములు యిరువదవ శతాబ్ది ఆరంభమున నష్టపరిహార చట్టములు చేసినవి. తప్పెవరిదని విచారింపకయే, పనిలో గాయపడినవానికి నియమిత సొమ్ము ముట్టునట్లు ఏర్పాటు. 1914లో న్యూయార్కు రేవున ఓడకును గట్టుకును నడుమనున్న వంతెనపై బండి నడుపుచు ఒక కూలీ మరణింపగా, రాష్ట్ర చట్టము ప్రకారము వాని భార్యాబిడ్డలకు పరిహారము మంజూరయ్యెను. 1917లో సుప్రీంకోర్టు అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపుగా చీలి దానిని రద్దుచేసెను. సముద్రజలముమీది వ్యవహారము కేంద్రమునకు చెందినదే గాని రాష్ట్ర చట్టమునకు అక్కడ చోటులేదని కారణము. గట్టుమీద పడిన కూలీకి పరిహారము, నాలుగడుగుల ఇవతల ఓడపై పడినవానికి శూన్యము! కాంగ్రెసు రెండుసార్లు దీనిని సరిదిద్ద యత్నింపగా, రెండు చట్టములును కోర్టులో నిలువలేదు. తుదకు 1927లో రేవు కూలీలకై ప్రత్యేకముగ కేంద్ర చట్టము వచ్చెను. పదియేండ్లు ఆ కుటుంబములు నీటికిని నేలకును నడుమ చిక్కుకొనియుండెను.

ఆ చట్టము ప్రకారము గాయపడిన కూలీకి స్టివడోరు పరిహారమీయవలెను. దానికి బదులుగా కూలీ తన యజమానియగు స్టివడోరుపై వేరు దావా వేయరాదు. సొమ్ము తక్కువ, కాని నిశ్చయము. అయితే ఓడ యజమాని వేరొకడు గదా! వానిపై దావా వేయవచ్చునా? 1946లో సుప్రీంకోర్టు వేయవచ్చుననెను. ఆ వ్యాజ్యమున వించ్ నడుపు కూలీ ఒకడు, దూలమునకు కట్టిన ఇనుప లంకె పగిలి, దూలము కూలగా గాయపడెను. ఓడ సముద్రయోగ్యముగా నుండవలెనను హామీ పూర్వకాలమునుండి నావికులకు ఉన్నది. లోపము తెలిసినను తెలియకున్నను ఓడ యజమానియే దానికి బాధ్యుడు. ఒకప్పుడు నావికులు చేసిన పనినే నేడు రేవు కూలీ చేయుచున్నాడు, నావికుని ప్రమాదములనే పడుచున్నాడు, కావున ఆ హామీ వానికిని వర్తించునని న్యాయమూర్తి రట్లెడ్జ్ వ్రాసెను. కూలీల పక్షమున ఇంత విశాలమైన తీర్పు అరుదు.

పదియేండ్లకు దాని మరియొక ముఖము బయటపడెను. 1956లో అదే సుప్రీంకోర్టు, కూలీకి చెల్లించిన సొమ్మును ఓడ యజమాని స్టివడోరు వద్ద తిరిగి రాబట్టుకొనవచ్చుననెను. పని క్షేమముగా చేయుదునని స్టివడోరు ఒప్పుకొన్నాడు గదా యని న్యాయము. కూలీ ఓడపై దావా వేయును. ఓడ స్టివడోరుపై వేయును. పరిమిత పరిహారముతో ముక్తుడనైతినని 1927నుండి ధైర్యముగానున్న స్టివడోరు తుదకు మొత్తమంతయు చెల్లించును. చుట్టుదారిన ఊరంతయు తిరిగి సొంత గుమ్మముముందే తేలిన చందము. ప్రతి గాయమునకు మూడు పక్షముల వకీళ్ళు. కోర్టులు నిండినవి, స్టివడోర్లు మొరపెట్టిరి, కూలీల సంఘములు చట్టపరిహారము చాలదని మొరపెట్టిరి. ఈ రెండు మొరలనుండి 1972 సవరణ పుట్టెను.

అది ఒక బేరము. కూలీకి చట్టపరిహారము బాగుగా హెచ్చింపబడెను. దానికి మారుగా ఓడపై సముద్రయోగ్యత దావా తీసివేయబడెను. ఓడవారు స్టివడోరు నుండి రాబట్టుకొను దారియు మూయబడెను. ఓడవారి నిర్లక్ష్యమువలన గాయము కలిగినచో మాత్రము కూలీ వారిపై దావా వేయవచ్చునని ఒక్క కిటికీ తెరచియుంచిరి. నిర్లక్ష్యమనగా ఏమో చట్టము వివరింపలేదు. దానిని కోర్టులకు విడిచిరి. సవరణ ఆ యేటి నవంబరు 26వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. జలరత్నలో బస్తాలు పడినది డిసెంబరు 10న. పదునైదు దినములు ముందుగా పడియుండినచో ఆ కూలీ పాత న్యాయముక్రింద దావా వేసియుండెడివాడు. అప్పుడు బ్రేకు పాడైనదని చూపుటయే చాలియుండెడిది.

క్రొత్త న్యాయముక్రింద అది చాలలేదు. సింధియావారి వాదము ఇట్లుండెను: ఓడను స్టివడోరుకు అప్పగించితిమి, పని వారిది, యంత్రమును నడిపినది వారి మనుషులు, లోపము కనిపించినను పని ఆపనిది వారు, మేమెట్లు బాధ్యులము? మొదటి కోర్టు దీనికి సమ్మతించి, సాక్ష్యవిచారణ లేకయే వ్యాజ్యమును కొట్టివేసెను. తొమ్మిదవ సర్క్యూట్ అప్పీలు కోర్టు 1979లో దానిని త్రిప్పివేసి, విచారణ జరుగవలెననెను. సింధియావారు సుప్రీంకోర్టుకు పోయిరి.

న్యాయమూర్తి బైరన్ వైట్ వ్రాసిన తీర్పు ఓడ యజమాని విధులను సమయమునుబట్టి విడదీసెను. ఓడను స్టివడోరుకు అప్పగించు సమయమున, నేర్పుగల స్టివడోరు సామాన్యమైన జాగ్రత్తతో క్షేమముగా పనిచేయగల స్థితిలో ఓడయు దాని సామగ్రియు ఉండవలెను. స్టివడోరుకు కనబడని ప్రమాదమేదైన ఓడవారికి తెలిసినను, తెలిసియుండవలసినదైనను, హెచ్చరింపవలెను. పని ఆరంభమైన పిమ్మట ఓడవారు తామే పనిలో చేయి పెట్టినచో, లేక తమ స్వాధీనమున నున్న చోట ప్రమాదము కలిగినచో, దానికి వారు జవాబుదారులు. ఇంతవరకు ఎవ్వరికిని పేచీ లేదు.

పేచీయంతయు తరువాతి మాటలో నున్నది. పని స్టివడోరు చేతికి పోయిన తరువాత ఓడవారు నిత్యము కనిపెట్టి చూచుచుండవలెనా? అక్కరలేదని కోర్టు చెప్పెను. ఒడంబడికయో, శాసనమో, ఆచారమో వేరుగా విధించిననే తప్ప, సరుకెత్తు పనిలో పుట్టు ప్రమాదములను వెదకు బాధ్యత ఓడవారికి లేదు. కూలీల క్షేమమునకు స్టివడోరు చట్టముచే బద్ధుడు, వాని నేర్పును నమ్ముటకు ఓడవారికి హక్కు గలదు. కాని యిక్కడ చెడినది స్టివడోరు యంత్రము కాదు, ఓడ యంత్రము. అది చెడినదని ఓడవారికి తెలిసియుండి, దానితో పని సాగించుట చూడగనే అవివేకమని తోచునంత స్పష్టమైనప్పుడు, స్టివడోరు ఆపునులే యని చేతులు కట్టుకొని కూర్చుండరాదు. నడుమ పడి, ఆపించియో బాగుచేయించియో తీరవలెను. మరియు ఆ లోపము ఓడను అప్పగించుటకు పూర్వమే యున్నదైనచో, అది తమకు తెలియదనుట చెల్లదు. ఈ విషయములలో సాక్ష్యము వినవలసియున్నది గనుక, అప్పీలు కోర్టు నిర్ణయమును ఖాయపరచి, వ్యాజ్యమును విచారణకై క్రిందికి పంపిరి. బస్తాలు పడినది 1972 చివర, వాది మాట జ్యూరీ వినవలెనా యను మొదటి ప్రశ్న తేలినది 1981లో. ఎనిమిదేండ్ల నాలుగు నెలలు.

కోర్టు సింధియావారిని దోషులని తీర్మానించినదని కొందరు వ్రాయుదురు. అది సరికాదు. దోషమున్నదో లేదో విచారింపకుండ తలుపు మూయరాదని మాత్రమే చెప్పినది. ఆ చెప్పుటలోనే ముందరి వేలకొలది వ్యాజ్యములకు గిరి గీసినది.

ఈ గిరి యెట్టిదని అడిగినచో, నా మట్టుకు నాకు అది కూలీకి కొంత దూరముగానే గీయబడినదని తోచుచున్నది. దావా గెలువవలెనన్న, ఓడవారికి లోపము తెలుసునని కూలీ రుజువు చేయవలెను. ఓడ గర్భములో బస్తాలు సర్దువానికి పైన అధికారుల గదిలో ఎవరికేమి తెలిసినదో ఎట్లు తెలియును? ఓడ రెండు దినములలో పోవును. సాక్షులు సముద్రముపాలగుదురు. కూలీ మంచముమీద నుండును. తెలియకుండుట ఓడవారికి లాభమైనచో, తెలిసికొనవలెనను ఆసక్తి యెవనికుండును? ఓడవారి పక్షమునగూడ న్యాయము లేకపోలేదు. పని తెలిసినవాడని సొమ్మిచ్చి స్టివడోరును పెట్టుకొనిన తరువాత, వాని వెనుక మరియొక మేస్త్రీని నిలుపుమనుట వర్తకమున సాగు మాట కాదు. ఇద్దరు కాపలాయున్నచోట ఒకడు నిద్రించునని సామెతవలె చెప్పుదురు. పైగా స్టివడోరు ఇచ్చు చట్టపరిహారము కూలీకి ఎట్లును ముట్టును. ఓడపై దావా దానికి అదనము.

అయినను వేరొక దారి లేకపోలేదు. ఆ దారి మన ద్వీపపు న్యాయమునకు దగ్గరిది. మారిషస్సున ఆంగ్లేయులు వచ్చిన తరువాతకూడ ఫ్రెంచివారి సివిల్ కోడు నిలిచియున్నది, మన కోర్టులు ఫ్రాన్సు తీర్పులను గౌరవముతో చూచు వాడుక కలదు. ఆ కోడు 1384వ ప్రకరణమున, మనుష్యుడు తన కావలిలోనున్న వస్తువులవలన కలుగు నష్టమునకును బాధ్యుడని ఒక మాట గలదు. తొంబదేండ్లు ఆ మాట నెవరును పెద్దగా పట్టించుకొనలేదు. 1896 జూన్ 16వ తేదీన ఫ్రాన్సు కసేషను కోర్టు, లాగుడు పడవ యొకదానిలో ఆవిరి బాయిలరు ప్రేలి యంత్రపనివాడు మరణించిన వ్యాజ్యములో, ఆ మాటను బయటికి తీసెను. బాయిలరు అతుకులో లోపమున్నది. ఆ లోపము పడవ యజమానికి తెలియదు, చేసినవాని తప్పు కావచ్చును. అయినను వస్తువు నీది గనుక బాధ్యత నీదని కోర్టు చెప్పెను. రెండేండ్లకు, 1898లో, పరిశ్రమలలో గాయపడినవారికి తప్పు విచారింపకయే పరిహారమిచ్చు చట్టమును ఫ్రెంచి పార్లమెంటు చేసినది.

జలరత్న వ్యాజ్యమును ఆ తీర్పు ప్రక్కన పెట్టి చూడుడు. రెండును ఓడమీది యంత్రములే. ఒక కోర్టు, ఈ యంత్రము చెడినదని నీకు తెలియునా యని అడిగెను. మరియొక కోర్టు, ఈ యంత్రము ఎవరిదని అడిగెను. మొదటి ప్రశ్నకు జవాబు రాబట్టుటకు ఏండ్లు పట్టును. రెండవదానికి ఓడ ప్రక్కన వ్రాసియున్న పేరు చదివిన చాలును. 1946 నుండి 1972 వరకు అమెరికాకూడ రెండవ ప్రశ్ననే అడిగినది, ఆ వెనుక బేరములో దానిని వదలుకొన్నది. ఆ బేరము కూలీల సంఘములు ఎరిగి చేసినదే గనుక, మోసమనలేము. హెచ్చిన పరిహారము ప్రతి గాయపడినవానికి అందినది, పాతరోజుల పెద్ద మొత్తములు దావా గెలిచిన కొందరికే అందెడివి. అయినను వించ్ బాగుచేయించు ఖర్చు చిన్నదై, బాగుచేయకున్న వచ్చు నష్టము పెద్దదైనప్పుడే ఓడవాడు వించ్‌ను బాగుచేయించును. చట్టము ఏ ప్రక్కకు మొగ్గినను రేవులో ఈ లెక్క ఒక్కటే నడుచును.

ఇక భారతదేశపు సంగతి రెండు మాటలలో చెప్పెదను. పనివారి నష్టపరిహార చట్టము అక్కడ 1923లో వచ్చెను. రేవు కూలీల క్షేమమునకు 1934లో ఒక చట్టము, వారి పని నియామకమునకు 1948లో ఒకటి, ఆ పిమ్మట 1986లో క్షేమము, ఆరోగ్యము, సంక్షేమము కలిపి మరియొకటి చేయబడెను. విశాఖ రేవున బస్తాలు మోసిన తెలుగు కూలీలకు ఈ చట్టములే ఆధారమైనవి.

మన పోర్టు లూయీలో 1980 నుండి చక్కెర బస్తాలతో గాక, విడిగా, యంత్రముల పట్టాలమీదుగా ఓడలోనికి ప్రవహింప మొదలిడెను. దానితో గాయములును తగ్గినవి, పనియును తగ్గినది. రేవులోని పాత కుటుంబములకు ఈ రెండవ సంగతియే ఎక్కువ జ్ఞాపకము.

అమెరికాలో సింధియా తీర్పునకు కొనసాగింపు 1994లో వచ్చెను. అదియు బస్తాల కథయే. ఫిలడెల్ఫియా రేవున కోకో గింజల బస్తాలు దింపుచున్న కూలీ ఒకడు, బస్తాల అడుగున పరచిన, కంటికి ఆనని పారదర్శకపు ప్లాస్టికు పొరపై జారి గాయపడెను. ఆ పొర పరచినది సరుకెక్కించిన రేవులోని స్టివడోరు, ఓడవారు కారు. ఓడవారు ఆ ప్రమాదమును ముందే కనిపెట్టి హెచ్చరింపవలసినదా? సరుకెక్కించుటను ఆద్యంతము పర్యవేక్షించి, ప్రతి వరుసను తనిఖీ చేయుమని ఓడవారిని అడుగరాదని న్యాయమూర్తి కెనడీ వ్రాసెను. పొర ఉన్నదని వారికి తెలిసియుండి, లేక తమ సాధారణ విధులలో తెలిసియుండవలసినదై, నేర్పుగల స్టివడోరుకు అది కనబడనిదైనప్పుడు మాత్రమే హెచ్చరిక బాధ్యత గలదనెను. పని జరుగునప్పుడు ఓడ అధికారులు ఆ పొరను చూచిరా, చూడలేదా యను ప్రశ్న తేలలేదు గనుక, ఆ వ్యాజ్యమునుకూడ మరల క్రింది కోర్టునకు పంపిరి.